తూటా తగలని కాలు

మా బాపు కాలు కోసేసిన డాక్టరు మీద నల్లగొండల దావా నడిచినప్పుడు నేను ఇంకా లంగా జాకీటు తొడుక్కునే పిల్లనే. కోర్టంటే నాకు ఇయ్యాల్టికీ భయం, దవాఖానంటే అంతకన్న భయం. నా మనుమరాండ్లు నవ్వుతరు. నవ్వుండ్రి బిడ్డా, మీకేం! మిల్ట్రీ జీపు సప్పుడు ఇన్నోళ్లా మీరు?

మాది రామన్నపేట దగ్గర పల్లె. రజాకార్లు పోయి మిల్ట్రీ వచ్చిన దినాలు. మా ఊరి బడిల జవాన్ల క్యాంపు పెట్టిన్రు. తుపాకులు పట్టిన సంగమోళ్లు గుట్టలల్ల దాక్కున్నరని, ఊర్లోళ్లే బువ్వ వెడుతున్నరని వాళ్ల అనుమానం. ఎవలి ఒంటి మీద గాయం కనవడ్డా తూటా దెబ్బేనని పట్టుకపోయేటోళ్లు. పక్కూరాయనకు కొడవలి తగిలి తొడకు కట్టు కట్టుకుంటే, ఆ కట్టుతోనే క్యాంపుకు తీస్కపోయిన్రు. ఆయన మళ్ల ఇంటికి రాలే.

గసుంటి కాలంల మా బాపు బండి మీదికెల్లి పడ్డడు. ఎడ్లు బెదిరి బండి వాగు ఒడ్డున బోర్లపడితే, చక్రం కింద పడి మోకాలు కింద బొక్క ఇరిగింది. నల్లగొండల సొంతంగ దవాఖాన నడిపే ఒక డాక్టరు దగ్గరికి తీస్కపోయినం. ఆయన బిర్రుగ పిండికట్టు ఏసి, పట్నంల పెండ్లి ఉన్నదని పోయిండు. కాలు మండుతాందని బాపు ఒకటే మొత్తుకున్నడు. కాలి ఏళ్లు నల్లబడ్డయి. కట్టు జర ఒదులు చెయ్యి అయ్యా అని అమ్మ కంపౌండరు కాళ్ల మీద పడ్డది. డాక్టర్ సాబ్ ఏసిన కట్టు ముట్టుకుంటే నా నౌకరి పోతదన్నడు వాడు. డాక్టరు తిరిగొచ్చి కట్టు ఇప్పేటాల్లకు కాలు కుళ్లిపోయింది. తొడ సగం కాడికి కోసిండు. వాని చేతులిరగ! పెండ్లి బువ్వ తిన్న చేత్తోనే కోసిండు.

కోసిన కాలును దవాఖానోళ్లు పారేస్తమంటే మా అవ్వ ఒప్పుకోలే. "నా కొడుకు బతికుండంగ వాని కాలు కుక్కల పాలు చేస్తనా?" అని గోనెసంచిల సుట్టి బండిల ఊరికి తెచ్చింది. మేం దున్నుకునే చెలకల, కంచె పొంటి, పసుపు పెట్టి బొంద పెట్టిన్రు. దాని మీద ఎవలూ చేతబడి చెయ్యొద్దని, గాలి ధూళి ముట్టొద్దని, అవ్వ నాగలి కర్రు కొస ముక్క ఒకటి, నా బొటనేలంత ఇనుము, పాత గుడ్డల కట్టి ఆ సంచిలనే పెట్టింది. మాలో అట్లనే చేస్తరు. బాపు అప్పుడు దవాఖానల్నే మంచంల ఉండె. ఇనుము సంగతి ఆయనకు తెల్వది.

లేసి కట్టె పట్టుకోని నడుసుడు మొదలువెట్టంగనే బాపు దావా ఏసిండు. ఊకుండే మనిషైతే కదా! కొత్త సర్కారు వచ్చింది, నాయెం జరుగుతదన్నడు. "నేను దున్నుకొని బతికేటోణ్ని. నా కాలు తప్పువట్టి తీసిండు. అది వాడు పదిమందిల ఒప్పుకోవాలె" అన్నడు. వద్దని అమ్మ మొత్తుకున్నా ఇనలే.

కోర్టుల పేషీ నాడు అమ్మ, నేను గూడ పోయినం. డాక్టరు తెల్లబట్టలల్ల కూసున్నడు. ఆయన వకీలు లేసి మెల్లగ ఒక్క మాటన్నడు: "హుజూర్, ఇది బండి మీదికెల్లి పడ్డ కాలు గాదు. తూటా దెబ్బ తిని కుళ్లిన కాలు. పానం కాపాడనీకి నా కక్షిదారు కోసిండు."

కోర్టుల అందరు మా దిక్కే చూసిన్రు. వాకిట్ల నిలబడ్డ పోలీసోళ్లు లోపలికొచ్చిన్రు. బాపు మొఖం ఎర్రగైంది. "అబద్దం! నా కాలు నా చెలకల ఉన్నది. తవ్వి చూసుకోండ్రి, తూటా దొరికితే నన్ను ఉరేయుండ్రి!" అని అరిసిండు.

అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగ పట్టుకున్నదంటే నేను కెవ్వుమన్న. అప్పుడు అర్థమైంది నాకు. అయ్యో బాపూ, ఏమన్నవే!

తెల్లారి తవ్విపియ్యాలె, అందాక బాపు పోలీసు ఠాణల ఉండాలె అన్నడు మున్సిఫ్ సాబ్. పోలీసోళ్లు మా బాపును రెక్కవట్టి తీస్కపోతుంటే ఆయన మా దిక్కు చూసి నవ్విండు. "ఫికర్ చెయ్యకుండ్రి, రేపు వస్త" అన్నడు.

ఇంటికొచ్చి చెప్తే అవ్వ నేల మీద కూలవడ్డది. "నా చేతులార నా కొడుకును సంపుకుంటినే" అని తలబాదుకున్నది. కుళ్లిన మాంసంల తుప్పువట్టిన ఇనుము దొరికితే అది కర్రు ముక్క అని నమ్మేటోడెవడు?

తెల్లారంగనే అమ్మ కలుపు తీసేటట్టు గంప, కుర్పి పట్టుకోని నన్ను ఎంబడేసుకొని చెలకకు పోయింది. బడి మీద కావలున్న జవాను మా దిక్కే చూస్తుండె. అమ్మ కూసోని కలుపు తీసినట్టు చేసుకుంట తవ్వింది. వాసనకు నాకు వాంతికొచ్చింది. నోరు మూస్కో, వాంతి చేసుకుంటే వాళ్లొస్తరు అన్నది అమ్మ. సంచి నోట్లె చెయ్యి పెట్టి దేవులాడి, ఆ గుడ్డ మూట గుంజింది. గప్పుడే జీపు సప్పుడైంది.

అమ్మ గాబరగ మట్టి నెట్టి, మూట ఇప్పి ఇనుమును కొంగుకు తుడిసి నా నోట్లె కుక్కింది. ఉమ్మితే మీ బాపు పోయినట్టే అన్నది.

జీపుల జవాన్లు, పోలీసు అమీను, కోర్టు మనిషి దిగిన్రు. అమీను నన్ను చూసి, మీ బాపు కాలు ఏడ పెట్టిన్రే పిల్లా అనడిగిండు. నేను నోరు ఇప్పలే. ఇనుము పండ్లకు కొట్టుకుంటాంది. "దానికి మాటలు రావు దొరా, పుట్టు మూగ" అన్నది అమ్మ. కన్నీళ్లు కారిపోతున్నయి నాకు. ఆయన నన్ను ఇడిసిపెట్టిండు గని, కాళ్ల కింద మట్టిని చూసిండు. పచ్చి మట్టి. నెలల కింద పెట్టిన బొందకు పచ్చి మట్టెట్ల ఉంటదని అడిగితే అమ్మ గంపల కలుపు చూపెట్టింది.

తవ్విన్రు. బొక్కలు చూసిన్రు. తూటా లేదు. కోర్టు మనిషి ఏదో రాసుకున్నడు. జీపు పోయినంక వాగుల ఇనుము ఉమ్మి, నోరు కడుక్కున్న. పీడ పోయిందనుకున్నం.

యాడ పోయింది! బాపును ఇడిసిపెట్టలే. మల్ల పేషీల డాక్టరు వకీలు అదే పట్టుకున్నడు. తూటాను వీళ్లే తీసేసిన్రు, మట్టే సాక్ష్యం అన్నడు. మా వకీలుకు చెమటలు వట్టినయి. ఆయన మమ్మల్ని వరండలకు పిలిసి చెప్పిండు: "మీరు దావా వాపస్ తీసుకుంటే ఆయన తూటా మాట వాపస్ తీసుకుంటడట. లేకుంటే మీ ఆయనను ఇటునుంచి ఇటే మిల్ట్రీకి అప్పజెప్తరు."

బాపు ఠాణల గడిపి సగమైండు. అయినా, నేను సచ్చినా ఒప్పుకోనన్నడు. అమ్మ ఆయనకు మిగిలిన కాలును రెండు చేతుల్తోని సుట్టుకున్నది. "ఈ కాలన్న ఇంటికి రానియ్యి, నీకు దండం పెడత" అని ఏడిసింది. బాపు ఆమె చేతులు ఇడిపిచ్చుకున్నడు. ఆ తర్వాత కట్టె అందుకున్నడు.

లోపల డాక్టరు లేసి, "ఇప్పుడు యాదికొచ్చింది, బండి మీదికెల్లి పడ్డ కాలే" అన్నడు. మేం మొదట్నుంచి చెప్పిన ఒక్క నిజం, ఆయన దయతలిచి మాకిచ్చినట్టు చెప్పిండు. బాపు తల ఒంచుకోని, డాక్టర్ సాబ్ తప్పేం లేదన్నడు. కట్టె సంకల ఇరికించుకోని ఆయనకు రెండు చేతులు జోడించిండు. అమ్మ జోడించింది. నీకు బాపును ఇచ్చిన సాబుకు దండం పెట్టవా పిల్లా అన్నడు మా వకీలు. నేనూ పెట్టిన. భయంతోని పెట్టలే. బాపు ఇంటికొస్తున్నడని సంబురంగ, మనసు నిండ పెట్టిన.