తమ్ముడి పెట్టెలో తేదీ

నిన్న పొద్దున్న కాఫీ గ్లాసుతో మా తమ్ముడి పెట్టె ముందు కూర్చునేసరికి, కనెక్షన్ కుదరలేదన్న మాటే తెర నిండా వరసగా కనిపించింది. పెట్టె అంటే మా హాల్లో కుట్టుమిషను పక్కన గుర్రుమంటూ ఉండే పాత కంప్యూటరు లెండి. బయట కంపెనీ దగ్గర పడిన నా మెయిళ్లను తెచ్చి ఇంట్లో దాచే సర్వరు అది. మన ఉత్తరాలు మన గుమ్మంలో ఉండాలి గానీ ఎవరి కొట్లోనో ఎందుకని, విశాఖలో ఉద్యోగం చేసుకుంటూనే దాన్ని చోడవరంలో నా ఇంట్లో పెట్టాడు వాడు. ఆ కంపెనీ దగ్గర నా మెయిలు తెరిచే పాస్‌వర్డు కూడా ఆ పెట్టెకే తెలుసు, నాకు తెలీదు.

వాడు వానల్లో పోయాడు. ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేశాక మాట లేదు, ఫోనులో మాత్రం ఏదో నొక్కుతుండేవాడు. మొన్న వాడి కూతురు ఫోన్ చేసి, "పెద్నాన్నా, డాడీ నీకే రాసుంటాడు, ఓపాలి సూడవా" అని ఏడ్చింది. అప్పటిదాకా ఆ పెట్టె దగ్గరికి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు.

వైరు ఊడదీసి పెట్టాను, రౌటరు ఆపి మళ్లీ వేశాను, ఫోనులో నెట్ భేషుగ్గా ఉంది. పెట్టె కూడా బయటికి వెళుతోంది, మెయిలు కంపెనీ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తోంది. ట్రంకాలు బుక్ చేసి సాయంత్రం దాకా పడిగాపులు కాసిన తరం కదా మనది, ఓపికకి కొదవేముంది, ఆ చాంతాడంత సందేశాన్ని చివరిదాకా చదివాను. అవతలి వాళ్లు తాము ఫలానా అని చూపించే ధ్రువపత్రం ఇంకా అమల్లోకి రాలేదని అందులో ఉంది. అమల్లోకి రాకపోవడమేమిటని తెర మూల తేదీ చూద్దును కదా, ఆ పెట్టె కొన్న ఏడాది చూపిస్తోంది. వానల్లో కరెంటు పోయి, లోపలి బ్యాటరీ చచ్చి, గడియారం మొదటికి వెళ్లిపోయింది. ఆ లెక్కన మా తమ్ముడింకా ఉన్నాడు.

ఈ కాలపు యంత్రాలు టైము నెట్‌లోంచే తెచ్చుకుంటాయి, మావాడు దాన్ని తెచ్చుకోనివ్వలేదు. పంచదార ఫ్యాక్టరీ కూత ఉండగా ఎవరి టైమో మనకెందుకని వాడి మొండి వాదన. ఏటా ఫ్యాక్టరీలో చెరకు క్రషింగు మొదలవగానే, ఆ కూతకి పెట్టె గడియారం దిద్దడానికి పనిగట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు. నేను అరుగు మీద నిలబడేవాణ్ణి, వాడు లోపల మీట మీద వేలు పెట్టుకుని, "అన్నియ్యా, ఇనబడిందేటి?" అని అరుస్తుండేవాడు. కూత వినగానే నేను "కొట్టరా!" అని కేకేసేవాణ్ణి. ఫ్యాక్టరీ వాళ్ల గడియారమే తప్పయితేనో అని మా ఆవిడ అంటే, అప్పుడు ఊరంతా కలిసే తప్పుతాం వదినా అని నవ్వేవాడు.

నిన్న కూత లేదు, క్రషింగు ఇంకా మొదలవలేదు. సరైన తేదీ వేసి, మీట మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, అది నొక్కితే వాణ్ణి ఇంకోసారి నా చేతుల్తో సాగనంపినట్టవుతుందని భయమేసింది. వెనకాల కుర్చీ కిర్రుమంది, తిరిగి చూస్తే ఎవరూ లేరు. అరుగు మీంచి మా ఆవిడ, ఫోనులో గంట చూసి కాబోలు, "అయింది, కొట్టీండి" అంది. కొట్టాను.

మెయిళ్లు బిలబిలమంటూ దిగాయి, ప్రకటనలే ఎక్కువ. వాటి మధ్య వాడిది ఒక్కటే ఉంది, ఒకే వాక్యం. "అన్నియ్యా, కూత మొదలవగానే సెప్పు, వస్తాను."

ఇవాళ ఎవరింట చూసినా గడియారాలు వాటంతటవే దిద్దుకుంటున్నాయి, ఒకరు అరుగు మీద, ఒకరు లోపల నిలబడాల్సిన పనే లేదు, మంచిదే. మా పెట్టెకి మాత్రం నేను ఆ ఏర్పాటు చేయలేదు. రేపో మాపో ఫ్యాక్టరీ కూస్తుంది. అరుగు మీద నిలబడి వింటాను, కొట్టరా అని ఎవరికి కేకెయ్యాలో తెలీదు.