సాంచెల మోతలో హాజరు

మా మనవడికి కాలేజీలో సర్కారు సాయం దొరికిన రోజున నా కొడుకు బతికే ఉన్నాడు. ఆ మాట ముందు చెప్పాలి. ఆ సాయం కోసం లైన్లలో నిలబడింది వాడే.

మొదటి లాక్‌డౌన్ సడలిన రోజులవి. మేం బతకడానికి వచ్చిన గుజరాతీ ఊరు బమ్రోలిలో మరమగ్గాల కార్ఖానాలు సగం తెరిచి, సగం మూసి ఉన్నాయి. పిల్లవాడికి పన్నెండో తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. మార్కులుంటే చాలదు, ఇంటి ఆదాయం తక్కువేనని కచేరీ నుంచి కాగితం తెమ్మన్నారు. మా గది చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది కానీ కచేరీ మా గది దాకా రాదు కదా. జీతం రాసిమ్మంటే మా కార్ఖానా యజమాని శేఠ్ రాయనన్నాడు. మాకు కూలి ఎప్పుడూ చేతికే ముట్టేది, కాగితం మీద మేమెక్కడా లేము. నా కొడుకు మాస్కు కట్టుకుని తిరిగి తిరిగి, ఇద్దరు పొరుగువాళ్లను సాక్ష్యానికి బతిమాలి, ఎలాగో ఆ కాగితం తెచ్చాడు. ఫీజు సర్కారు కట్టింది. పిల్లవాడు బీకాంలో చేరాడు.

ఆ సాయం ఒక్కసారి వచ్చి ఊరుకునేది కాదు. ఏటేటా నిలబెట్టుకోవాలి. పరీక్ష పాసవ్వాలి, హాజరు నూటికి డెబ్బై అయిదు ఉండాలి.

"పోయి కూసునుడు కూడ ఒక పనేనా? నేను పొద్దంత నిలవడ్తలేనా?" అని నా కొడుకు నవ్వాడు.

కరోనా రెండో అలలో వాడు పోయాడు. ఆసుపత్రి లోపలికి మమ్మల్ని రానివ్వలేదు, పోయాక వాడిని మాకివ్వలేదు. దాని గురించి ఇంతకన్నా రాయను.

దినాలు కాకముందే శేఠ్ కబురు పెట్టాడు. మరమగ్గాలను మేం సాంచెలంటాం. నా కొడుకు ఎనిమిది సాంచెలు నడిపేవాడు. చనిపోయినవాడి సాంచెలు ఆ ఇంట్లోవాళ్లు వెంటనే పట్టుకుంటే వాళ్లకే ఉంటాయి, లేదంటే ఇంకొకరికి పోతాయి. లాక్‌డౌన్‌కు ఊళ్లకు పోయి ఒడిశా నుంచి తిరిగొచ్చిన కూలీలు పని కోసం గేటు దగ్గర కూర్చునే ఉన్నారు. మేముండే గదీ శేఠ్‌దే. సాంచెలు పోతే గదీ పోతుంది. కోడలు మంచం దిగలేని స్థితిలో ఉంది. నేను అదే కార్ఖానాలో దారపు కండెలు చుట్టేదాన్ని, నాకొచ్చేది ఉప్పూ పప్పుకు చాలదు. పిల్లవాడు పుస్తకం మూసి సాంచెల మధ్య నిలబడ్డాడు. సెలవుల్లో తండ్రి పక్కన నిలబడి పని నేర్చినవాడే.

కాలేజీ మూతబడి, పాఠాలన్నీ ఫోన్లో నడుస్తున్నాయి కాబట్టి రెండూ సాగుతాయనుకున్నాం. మొదటిరోజే తేలిపోయింది. సార్ హాజరు పిలిచాడు. పిల్లవాడు సాంచెల మధ్య నుంచే మైకు తెరిచాడు.

"ఏమిటా మోత? రైల్లో ఉన్నావా?" అన్నాడు సార్.

"లేదు సార్, కార్ఖానాలో."

"సార్, నాకు రెండు చీరలు పక్కన పెట్టమనండి," అని ఎవడో పిల్లగాడు అందుకున్నాడు. క్లాసంతా నవ్వింది. సార్ గైర్హాజరు వేశాడు. మరునాటి నుంచి కొత్త నియమం పెట్టాడు: పిలిచినప్పుడు క్యామెరా తెరిచి ముఖం చూపించాలి, మాట స్పష్టంగా వినపడాలి. ఒకరి బదులు ఇంకొకరు పలికే వీల్లేదు. పైగా హాజరు ఎప్పుడు పిలుస్తాడో చెప్పడు. ఒకరోజు మొదట, ఒకరోజు నడుమ, ఒకరోజు చివర. మిగతా సార్లూ అదే దారి పట్టారు, గంటకొక పాఠం, పాఠానికొక హాజరు.

అందుకు మేమొక పద్ధతి పెట్టుకున్నాం. కండెలు చుట్టే మిషన్ తలుపు పక్కనే ఉంటుంది. ఫోన్ నా ఒళ్లో, దాని తీగ నా చెవిలో. హాజరుకు పేర్లు కాదు, నెంబర్లు గుజరాతీలో పిలుస్తారు, బజారు తిరిగిన మనిషిని కాబట్టి అవి నాకు వచ్చు. నెంబర్లు మొదలవగానే లోపలికి గుడ్డ ఊపుతాను. వాడు సాంచెలు ఆపి, గల్లీలోకి ఉరికొచ్చి, చెమట తుడుచుకుని ముఖం చూపించి పోతాడు.

పక్క సాంచెలవాడికి అదొక వేడుకైంది. "జరుగుండ్రి, జరుగుండ్రి. కలెక్టర్ సాబు మీటింగుకు పోతుండు."

"నా సాంచెలు జర సూస్తవా కాకా, గంత మాట్లాడే బదులు?" అనేవాడు మా వాడు.

"నా ఎనిమిదే నా మాట ఇంటలేవురా. నీయి యాడ సూడాలె?"

నేను యాభై దాటాక, మా తెలుగోళ్ల సంఘం గదిలో ఆడవాళ్లకు సాయంత్రం పెట్టిన బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. నాకు అలా బీకాం పాఠాలు వినే యోగం పట్టింది. జమ, ఖర్చు అన్న రెండు ముక్కలు తప్ప ఏదీ తలకెక్కలేదు. సార్‌కు జలుబు ఎక్కువని మాత్రం తెలిసింది.

హాజరు పెరగసాగింది. అయితే సాంచా నడిమధ్యలో ఆగి మళ్లీ మొదలైతే బట్ట మీద అడ్డంగా ఒక సన్నగీత పడుతుంది. ఓపికగా పోగులు వెనక్కి తీసి, మెల్లగా కదిలిస్తే తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఉరికొచ్చి ఎనిమిదింటినీ గబగబా తిప్పే పిల్లవాడికి అంత ఓపిక ఎక్కడిది? ఒక్కో సాంచా మీద ఒక్కో గీత. మార్కెట్ వ్యాపారి గీతలున్న తాకాలను, అంటే బట్ట చుట్టలను, వరసగా వాపసు పంపాడు.

శేఠ్ ముందు సాంచెలు చెడిపోయాయనుకుని మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ అన్నీ విప్పి చూసి, వీటికేం రోగం లేదన్నాడు. మరునాడు శేఠ్ వచ్చి నా పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. నా చెవిలో నెంబర్లు మొదలయ్యాయి. ఏం చేయను? గుడ్డ ఊపాను. పిల్లవాడు సాంచెలు ఆపి వచ్చాడు, ముఖం చూపించాడు, పోయాడు. శేఠ్ అంతా చూసి లేచాడు. ఆయన హిందీలో అన్నదాన్ని నా మాటల్లో రాస్తున్నాను.

"అమ్మా, నీ మనుమని హాజరు నా బట్ట మీద ఏపిస్తున్నవా?"

"చాయ్ తాగపోయేటోళ్లు ఆపుతలేరా, శేఠ్?"

"వాళ్లు చాయ్‌కి పొద్దుకొకసారి పోతరు. వీడు గంటగంటకు పోతుండు. సదువుకోనీ, నేనొద్దంటలేను. మంచి పిలగాడు. కానీ మల్లొక్క తాకా మీద గీత కనవడితే సాంచెలు గేటు కాడోళ్లకిస్త. గది కూడ వాళ్లకే కావాలె."

ఆయన అరవలేదు. అరిస్తే నేనూ రెండు మాటలు అనేదాన్ని.

పిల్లవాడు కాలేజీ గుమాస్తాకు ఫోన్ చేసి, తండ్రి పోయాడనీ, పని చేస్తున్నాననీ చెప్పుకున్నాడు. చావు కాగితం తెస్తే ఆ వారం హాజరు వేస్తామనీ, మిగతాది రూలు ప్రకారమేననీ ఆయన అన్నాడు. అప్పటికి హాజరు డెబ్బైకి అటూ ఇటూగా ఉంది. మిగిలిన రోజులన్నీ తప్పకుండా పలికితేనే గట్టెక్కుతుంది.

ఆ పూట కోడలు గోడకు ఆనుకుని అడిగింది. "సాయం బందైతే ఫీజు ఎవరు కడ్తరత్తమ్మా? ఆయన గన్ని తిప్పలు వడి తెచ్చె."

"సాంచెలు పోతే యాడుంటమే? పిలగాన్ని అడుగు, నన్నడగకు."

వాడు అన్నం తిని, కంచం కడిగి పడుకున్నాడు.

మర్నాడు నేను మామూలుగానే తలుపు దగ్గర కూర్చున్నాను. పాఠం చివర్లో నెంబర్లు మొదలయ్యాయి. గుడ్డ ఊపాను. వాడు నా వైపు చూశాడు. నన్ను చూశాడన్నది ఖాయం, కళ్లు కలిశాయి. మళ్లీ సాంచా మీదికి వంగి, తెగిన పోగు వెతికి ముడి వేశాడు. లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఊపాను. చెవిలో మా నెంబరు పిలిచారు. ఇంకోసారి పిలిచారు. తర్వాత నెంబరుకు పోయారు.

మోత ఆగాక అడిగాను. "ఎందుకు రాలేదురా?"

"తాకా అయిపోవస్తుండె బాపమ్మా. ఆఖర్ల గీత వడితే మొత్తం తాకా డ్యామేజిల పోతది."

"మరి కాలేజో?"

"కండెలు తక్కువైనయి. రేపటికి జర ఎక్కువ సుట్టి పెట్టు."

కాలేజీ మాట నేను మళ్లీ ఎత్తలేదు. మరుసటి ఏడు సాయం రాలేదు. ఫీజు కట్టమని కాలేజీ రెండుసార్లు మెసేజీ పంపింది, తర్వాత మానేసింది. శేఠ్ మాత్రం ఈ పిల్లవాడి బట్టలో వంక పెట్టేందుకు ఏమీ ఉండదని అందరికీ చెబుతుంటాడు. నిజమే, ఉండదు.