ఫుల్‌లోడు మీద ఓట్స్

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నాకు చేతకాని పని ఈ భూమ్మీద ఒకటుందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు. రాయచూరు దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రంలో, బాయిలర్ విభాగంలో ట్రైనీని. (ట్రైనీ అంటే పెద్దవాళ్ళు పని చేస్తుంటే పక్కన నిలబడి తల ఊపేవాడని అర్థం. గద్వాల వైపు మా ఊరికి వెళ్ళినప్పుడు మాత్రం బాయిలర్ నేనే నడుపుతున్నానని చెప్పేవాణ్ణి.) బావ కూడా అక్కడే ఫిట్టరు కావడంతో కాలనీలో అక్కావాళ్ళ క్వార్టర్స్‌లోనే నా మకాం. వేళకు అన్నం, ఉతికిన బట్టలు, ఆడుకోవడానికి మూడేళ్ళ మేనకోడలు. ఆ పిల్లను అందరం చిట్టి అనేవాళ్ళం.

అక్కకు రెండో కాన్పు నొప్పులు అనుకున్నదానికంటే ముందే వచ్చేశాయి. ఊరినుంచి అమ్మ బయలుదేరే లోపలే బావ ఆమెను రాయచూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. నడుము పట్టుకుని కారెక్కుతూ కూడా అక్క ధ్యాస పిల్ల మీదే. "తమ్మీ, పొద్దుగాల చిట్టికి ఓట్స్ కాసియ్యి. ఇంకోటి ముట్టదు. నీకొస్తదా?" అంది. "ఏందక్కా గట్లంటవ్! గంత పెద్ద బాయిలర్ నడిపేటోన్ని, గింత గిన్నె కాయలేనా?" అన్నాను. అంత నొప్పిలోనూ అక్కకు నవ్వొచ్చింది. అది మెచ్చుకోలు అనుకున్నాను.

తెల్లారేసరికి బావ ఫోను. "బామ్మర్దీ, కొడుకు పుట్టిండు! ఇద్దరు మంచిగున్నరు. చిట్టి తిన్నదా?" చిట్టి తినలేదు. రాత్రి అన్నం కలిపితే నోరు బిగించుకుని, "అమ్మొచ్చినంక తింట" అని గోడవైపు తిరిగి పడుకుంది. సంగతి వినగానే అక్క ఫోను లాక్కున్నట్టుంది. "కడుపు నిండినంకనే తోల్కరా తమ్మీ. ఖాళీ కడుపుతోని బస్సెక్కితే దారి పొడుగునా వాంతులే దానికి" అని హుకుం జారీ చేసింది. అంటే ఆ పిల్ల తల్లిని చూడాలంటే నేను ఓట్స్ కాయాలి, అది తినాలి. వేరే దారి లేదు.

చిట్టిని వంటగట్టు మీద కూర్చోబెట్టి, పాలు పెట్టి, పిడికెడు ఓట్స్ వేశాను. పాలల్లో అవి ఎక్కడ పోయాయో కనబడలేదు. ఇంకో పిడికెడు వేశాను. అయినా పల్చగానే ఉంది. ఇంకాస్త కుమ్మరించి, బాయిలర్ ఫుల్‌లోడులో ఉన్నట్టు మంట పెద్దది చేశాను. నేను అటు తిరిగి చెంచా వెతికి వచ్చేలోగా గిన్నెలో ఉన్నదంతా లేచి నిలబడింది. గబుక్కున పాలు పోశాను, చల్లబడింది. కలిపాను, గట్టిపడింది. ఇంకొన్ని పాలు పోస్తే గిన్నె చాలలేదు, పెద్ద గిన్నెలోకి మార్చాను. అడుగు మాడిన వాసన వచ్చింది. ఆ వాసన పోవడానికి బెల్లం వేశాను. మరుగుతున్న పాలల్లో బెల్లం వేస్తే ఏమవుతుందో మా ట్రైనింగులో చెప్పలేదు. పాలు విరిగిపోయి, రంగు మారి, మా ప్లాంటు వెనక బూడిద చెరువు ఎలా ఉంటుందో సరిగ్గా అలా తయారైంది. "మామా, గది ఎందుకు ఉడుకుతాంది? కోపమొచ్చిందా?" అని అడిగింది చిట్టి.

మాడిన వాసనకు పక్కింటి పిన్నిగారు పరుగెత్తుకొచ్చారు. సింధనూరు కాలువ కింద వరి పండించే ఆంధ్రా వాళ్ళ ఆడపడుచు ఆమె. గిన్నెలోకి తొంగిచూసి, "ఇదేంటి బాబూ, గోడలకి పూస్తావా?" అన్నారు. ఎలా బాగుచేయాలో చెప్పమని బతిమాలాను. "నాకేం తెలుసు నాయనా! మా ఇంట్లో అన్నీ బియ్యంతోనే. ఉండు, ఇడ్లీలు తెస్తాను" అని వేడివేడిగా తెచ్చిపెట్టారు. చిట్టి వాటివైపు చూడను కూడా లేదు. "అమ్మ ఓట్సే" అంది. ఆమె నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయారు.

ఉన్నంతలో మాడనిది కాస్త గిన్నెలో వేసి చిట్టి ముందు పెట్టాను. చెంచాతో ఎత్తితే గిన్నె కూడా లేచింది. "అమ్మ చేసినట్ల లేదు" అని పెదవి విరిచింది. ఇంకేం, ఏడుపు మొదలవుతుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకే ఏడుపొచ్చేలా ఉంది. వంటింటి గడపలో కూలబడ్డాను. పిల్ల నా మొహం కాసేపు చూసింది. తర్వాత గట్టు మీదనుంచి జారి దిగి, గిన్నె రెండు చేతులతో పట్టుకుని నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది.

"నువ్వు గూడ రాత్రి తినలే కద మామా" అంది. నిజమే. అక్కకు ఎలా ఉందోనన్న భయంతో నేనూ ముద్ద ముట్టలేదు. అది గోడవైపు తిరిగి పడుకుని ఇదంతా ఎప్పుడు గమనించిందో! "నోరు తెర్వు. నేనిప్పుడు అక్కనైన కద. నువ్వు తినకుంటే నేను తిననియ్యను" అని చెంచా నా నోట్లో కుక్కింది. (తర్కం సరిగా అర్థం కాలేదు గాని, వాదించే పరిస్థితిలో లేను.) నాకొకటి, తనకొకటి. మాడిన తీపి, సాగే బంక. నేను మొహం చిట్లిస్తే తనూ చిట్లిస్తుందని, పెళ్ళి భోజనం చేస్తున్నట్టు నవ్వుతూ మింగాను. మధ్యలో ఒకసారి వెక్కిళ్ళొస్తే నా వీపు నిమిరింది. చివరికి గిన్నె ఖాళీ అయ్యింది.

బస్సులో ఒక్క వాంతి లేదు. ఆసుపత్రి వార్డులోకి అడుగుపెట్టగానే అక్క, "తిన్నదా?" అంది. "గిన్నె ఖాళీ చేపిచ్చిన" అన్నాను ఛాతీ పొంగించి. చిట్టి మంచమెక్కి, ఎర్రగా ముడుచుకుని నిద్రపోతున్న తమ్ముణ్ణి ఒకసారి చూసి, "మామ గూడ మంచిగ తిన్నడమ్మా. అసలు ఏడ్వలే" అని నివేదిక ఇచ్చింది. బావ కిటికీ వైపు తిరిగి నవ్వాడు. అక్క కుట్లు నొస్తున్నాయని పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పుడే వచ్చిన కన్నడ నర్సమ్మ నన్ను చూసి, "సార్, మీసె ఒరెసికొళ్ళి" అని తన పెదవి మీద వేలితో చూపించింది. మీసం తుడుచుకుంటే ఎండిన ఓట్స్ పెళ్ళలు రాలాయి.

ఆ మీసం ఇప్పుడు సగం తెల్లబడింది. నిజంగానే బాయిలర్ నడిపే స్థాయికి వచ్చాను. అయినా రాయచూరు బస్సెక్కినప్పుడల్లా ఆ కుర్రాడు గుర్తొస్తాడు. మీసాల నిండా ఓట్స్ పెట్టుకుని, ఒక పసిపిల్లను పెంచి పెద్దచేసినంత దర్జాగా, ఆ పిల్ల వేలు పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కుతుంటాడు. ఎవరు ఎవర్ని నడిపించుకు వెళుతున్నారో వాడికి తెలియదు. పాపం, చెప్పబుద్ధి కాదు.