కాగితం పైన చిన్న సిలువ

యాభై ఏళ్ళు దాటింది. ఈ బరువు దించుకోలేదు, ఎవరికీ చూపించనూ లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు ఎందుకు పడుతుంది?

పేరు చెప్పను. మా సంఘంలో నేను పెద్దని. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమంటే ముందు లేచేది నేనే. కాలేజీ రోజుల్లో దొంగచాటుగా సిగరెట్లు కాల్చానని, క్లాసులు ఎగ్గొట్టి మార్నింగ్ షోలకి పోయానని, ప్రభువు నన్ను మార్చాడని చెబుతాను. అందరూ స్తోత్రం అంటారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఛీ! సిగరెట్లట! ఆ చిన్న పాపాలన్నీ వరసగా ముందు పేర్చి, వాటి వెనక అసలుదాన్ని దాచుకున్నాను.

అరవయ్యో దశకం చివరి మాట. యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాను. లాలాపేటలో మేనత్త ఇంట్లో మకాం. పొద్దున ఒక గ్లాసు చాయ్ తాగి బయల్దేరితే, తార్నాక మీదుగా కాంపస్ దాకా నడక. మా నాన్న ఉపదేశి. అంటే ఊరూరా నడిచి వాక్యం చెప్పేవాడు. ఏ కాగితం చేతికొచ్చినా ముందు పైన చిన్న సిలువ గీసేవాడు, ఉత్తరమైనా, మందుల చీటీ అయినా. వేరేవాళ్ళు శ్రీ అని రాసుకునే చోట మాకు సిలువ. అడ్డగీత కొంచెం వంకరగా, కింద ఒక చుక్క. ఆ చుక్క ఎందుకో ఆయననెప్పుడూ అడగలేదు. నాకూ అదే అలవాటైంది. నా నోట్సు ప్రతి పేజీ మీదా ఉండేది. పరీక్ష పేపరు మీద కూడా గీసేవాణ్ణి.

యాదగిరిది మా పక్క ఊరు. మా నాన్న చేతుల మీదుగానే వాళ్ళ కుటుంబం బాప్తిస్మం తీసుకుంది. గుడిలో, అంటే మా చర్చిలో, వాడు యోహాను. బడిలో వేసేటప్పుడు మాత్రం పంతులు వాళ్ళ నాన్నకి మంచి చెప్పాడు, కాగితంలో హిందువని రాయించు, పేరు యాదగిరి అనే ఉండనీ అని. ఎందుకంటే క్రైస్తవుడని రాస్తే మా వాళ్ళకి ఎస్సీల లెక్కన సర్కారు హాస్టల్లో సీటు రాదు, ఫీజు రాయితీ రాదు. గుడిసె అదే, ఆకలి అదే, ఊళ్ళో మమ్మల్ని నిలబెట్టే చోటూ అదే. కాగితంలో ఒక్క మాట మారితే అన్నీ ఆగిపోతాయి. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో సగంమంది అలాగే చదువుకున్నారు. మా నాన్న మాత్రం ఒప్పుకోలేదు. ఉపదేశి కొడుకు అబద్ధం రాయిస్తాడా? నా కాగితంలో క్రైస్తవుడు అనే ఉంది.

అందుకని యాదగిరికి తార్నాకలో హాస్టల్ గది. నాకు నడక.

మధ్యాహ్నం వాడు మెస్సులో అన్నం పెట్టించుకుని, కంచం పట్టుకుని హాస్టల్ వెనక వేపచెట్టు కిందికి వచ్చేవాడు. నేను అక్కడ కూర్చుని ఉండేవాణ్ణి. ఒకే కంచం, చెరో పక్క నుంచి తినేవాళ్ళం. నీళ్ళ పప్పు, ఎప్పుడన్నా వంకాయ. ముద్ద ముద్దకీ నా వైపు అన్నం తరిగిపోయేది, వాడి వైపు మిగిలేది, దాన్ని నా వైపు జరిపేవాడు. "నాకు సాల్రా" అనేవాడు. ఏడాదిన్నర అట్లా తిన్నాను. మా అత్త ఇంట్లో మధ్యాహ్నానికి నాకు వండేవాళ్ళు కాదు, నేను అడిగేవాణ్ణి కాదు. ఆ సంగతి వాడికొక్కడికే తెలుసు.

మరి నాకెందుకు కడుపు మండింది?

ఆ డిసెంబరులో హాస్టల్ సీటు కోసం నేనూ దరఖాస్తు పట్టుకుని పోయాను. గుమాస్తా మతం అన్నచోట వేలు పెట్టి, కాగితం నా మీదికి తోసేశాడు. నవ్వాడు కూడా. పక్కన నలుగురు చూశారు. తల కొట్టేసినట్టయింది. అదే వారం గుడిలో క్రిస్మస్ ఆరాధనకి వాక్యం చదవడానికి, పాట ఎత్తుకోవడానికి యోహానుని పిలిచారు. వాడి గొంతు బాగుంటుంది. నేను వెనక బెంచీలో ఉన్నాను. ఉపదేశి కొడుకునని ఎవరికీ గుర్తు రాలేదు. అక్కడ యాదగిరై సీటు తీసుకున్నాడు, ఇక్కడ యోహానై పాట తీసుకున్నాడు, నిజం చెప్పిన నాకేం మిగిలింది? పాట సాగినంతసేపూ ఇదే లెక్క. అప్పటికి వాడి అన్నం నా కడుపులోనే ఉంది.

సెలవులు అయిపోయాక, ఒక మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని హాస్టల్ అధికారులకి ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఎడమచేత్తో. ఫలానా విద్యార్థి హిందువు కాడు, గుడిలో వాడి పేరు యోహాను, బాప్తిస్మం ఇచ్చింది ఫలానా చోట, హిందువునైన నాకు దక్కాల్సిన సీటు వాడు కాజేశాడు అని. ఆ చివరిది ఒక్కటే అబద్ధం, మిగతాదంతా నిజం. దాంతోనే నన్ను నేను మోసం చేసుకున్నాను, సత్యం కోసం రాస్తున్నానని. కవరు అంటించి డబ్బాలో వేసి, తిన్నగా వేపచెట్టు కిందికే పోయాను. ఆ రోజు వంకాయ కూర. తిన్నాను.

విచారణ జరిగింది. వాణ్ణి పిలిచారు, ఊరికి మనిషిని పంపారు. పదిహేను రోజుల్లో సీటు పోయింది, రాయితీ పోయింది. ఫీజు కట్టే దారి లేదు. వాళ్ళ వంశంలో పదో తరగతి దాటినవాడు వాడొక్కడే. వాళ్ళ నాన్న కూలి మనిషి.

పోయే రోజు పొద్దున తార్నాక బస్‌స్టాపులో కనపడ్డాడు. రేకుపెట్టె, బొంత చుట్ట. నన్ను చూసి నవ్వాడు.

"ఎవడో ఉత్తరం రాసిండంట రా. పిలిచి సూపిచ్చిన్రు."

"ఎవడు రాసుంటడు?" అన్నాను. నా గొంతు వణకలేదు. అది ఇప్పటికీ నాకు భయం, అంత మామూలుగా ఎలా అడిగానా అని.

వాడు బస్సు వచ్చే వైపు చూశాడు.

"హిందువునని రాసుకున్నడు. కాయితం పైన మాత్రం సిలువ ఉన్నది. అడ్డగీత జర వంకర. కింద సుక్క."

ఎడమచెయ్యి కూడా అలవాటు మరచిపోలేదు. నా నోట్సులు వాడి దగ్గరే ఎన్ని రోజులు ఉండేవి! ప్రతి పేజీ చూశాడు.

"సార్లు దాన్ని సూడలే," అన్నాడు. "నేను జెప్పలే."

బస్సు వచ్చింది. పెట్టె పైకెక్కించి, తలుపు దగ్గర నిలబడి వెనక్కి తిరిగాడు.

"పగటి బువ్వ ఏడ తింటవ్రా ఇగ?"

అంతే. ఒక తిట్టు తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

ఆ రోజు నుంచి కాగితం మీద సిలువ గీయలేదు. ఉత్తరాల పైన ఏమీ లేకపోయేసరికి మా నాన్న అడిగాడు, "ఏందిరా, సదువు ఎక్కువైందా?" అని. ఏదో చెప్పాను. అసలు సంగతి తెలియకుండానే ఆయన చనిపోయాడు.

నేను చదువు పూర్తి చేశాను, లెక్చరర్నయ్యాను. ముప్పై ఏళ్ళు రెండు డబ్బాల్లో అన్నం తీసుకుపోయాను, ఒకటి నాకు, ఒకటి ఆకలితో కూర్చున్న ఏ పిల్లకో పిల్లాడికో. ఎవరు పొద్దున తినలేదో ముఖం చూస్తే తెలిసిపోయేది నాకు. రెండు డబ్బాల సార్ అనేవాళ్ళు. ఎందుకు సార్ ఇట్ల చేస్తరు అని అడిగితే ప్రభువు ప్రేమ అనేవాణ్ణి. పూర్తిగా అబద్ధం కాదు. ఆ పిల్లలు తినేటప్పుడు నా మనసు నిజంగా మెత్తబడేది, నేను మారాను, అది నాకు తెలుసు. కానీ ఆ పొగడ్త కూడా జేబులో వేసుకున్నానా లేదా? వేసుకున్నాను.

యాదగిరి బొగ్గు గనుల వైపు పోయాడని విన్నాను. వెతకలేదు. ఎంత దూరమని? ఒక రాత్రి రైలు ప్రయాణం. సీతాఫల్‌మండి స్టేషను దాకా రెండుసార్లు పోయి, ప్లాట్‌ఫారం మీద కూర్చుని తిరిగొచ్చాను. తర్వాత ఒక సంఘ కూటంలో అటువైపు నుంచి వచ్చిన ఒకాయన మాటల్లో చెప్పాడు, యోహాను అని ఒకాయన ఉండేవాడు, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు, చివరిదాకా ఆదివారం పిల్లలకి పాటలు నేర్పించాడు అని. "ఎరుకనా మీకు?" అని అడిగాడు.

ఎరుక లేదన్నాను.

చూడండి, అప్పటికి నాకు అరవై ఏళ్ళు. మారినవాణ్ణి. సంఘంలో పెద్దని. అయినా ఎరుక లేదన్నాను.

మొన్న మా పాస్టరుగారు ప్రసంగంలో అన్నారు, దేవుడు క్షమించినదాన్ని మనం గుప్పిట్లో పట్టుకుని కూర్చోవడం కూడా గర్వమేనని, మనల్ని మనం క్షమించుకోవాలని. నాకోసమే అన్నట్టుంది. ఇంటికొచ్చి మోకాళ్ళ మీద ఉండి ఆలోచించాను. ఇన్నేళ్ళూ నేను చేసిన ప్రార్థన ఏమిటి? నా పాపాలన్నీ క్షమించు తండ్రీ అని. అన్నీ! ఒక మూటగా కట్టి ఆయన ముందు పెట్టాను, ముడి మాత్రం విప్పలేదు. దేవుడి దగ్గర కూడా దీని పేరు ఎత్తలేదంటే, ఇక దేన్ని క్షమించుకోను నేను? ఆయన క్షమిస్తాడని నమ్ముతాను, ఆ నమ్మకం లేకపోతే ఈ వయసు దాకా లేచి తిరిగేవాణ్ణి కాను. యాదగిరి క్షమించాడా? ఆ బస్సు తలుపు దగ్గరే క్షమించాడేమో. అది వాడి మంచితనం. దాన్ని నా ఖాతాలో రాసుకోలేను. నన్ను నేను క్షమించుకోవడం ఇంకా చేతకావడం లేదు. దాచడం మాత్రం ఇక మానేస్తున్నాను.

పేరు పెట్టడం లేదు కాబట్టి ఇదీ ఆకాశరామన్న ఉత్తరమే అంటారేమో. అనండి. వచ్చే ఆదివారం సాక్ష్యానికి లేచి, సిగరెట్ల మాట ఎత్తకుండా ఇది చెప్పగలనో లేదో నాకే తెలియదు. కానీ ఇది రాయడం మొదలుపెట్టే ముందు కాగితం పైన సిలువ గీశాను. అడ్డగీత వంకరగానే వచ్చింది. చుక్క కూడా పెట్టాను. ఇన్నేళ్ళ తర్వాత చెయ్యి ఏమీ మరచిపోలేదు.

ఆ పొద్దున బస్‌స్టాపులో నేనే ఒక మాట అడిగాను, ఎవడు రాసుంటడు అని. జవాబు వాడికి తెలుసు, నాకు తెలుసు, ఇద్దరం అనలేదు. వాడు నన్ను కాపాడటానికి దాచాడు. నేను అనాల్సింది.

నేనే రాసిన్రా, యాదగిరీ.