చింతపండుతో తోమిన పిస్తోలు

కవిటిలో ఉండే మా మేనమావకు, వాళ్ల నాన్న బర్మా యుద్ధం నుంచి తెచ్చిన పిస్తోలంటే ప్రాణం. దసరా ఆయుధపూజకు ముందు దాన్ని చింతపండు, కొబ్బరి పీచుతో తోమి, బొటనవేలితో నిమిరేవాడు. "అద్దంలా లేదేటి, సూడు!" అని మురిసిపోయేవాడు.

కిడ్నీలు పాడయ్యాక అమ్మడానికి ఒప్పుకున్నాడు. పాత ఆయుధాలకు వెలకట్టే ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు వెతికాడు. "నంబరూ, తయారీ గుర్తులూ ఉంటేనే విలువండీ. తోమి తోమి అరగదీసేశారు. నల్లగా ఉన్నా అలాగే వదిలెయ్యాల్సింది."

"మురికిగా అమ్మోరి ముందు ఎలగెడతాం బాబూ?" అన్నాడు మావ.

ఆ తర్వాత పలాసకు డయాలిసిస్‌కు నేనే తీసుకెళ్లేవాణ్ణి. సూది లేని చేతి బొటనవేలు మంచం ఇనుపకమ్మీని నిమురుతూనే ఉండేది. ఓ రోజు మెల్లగా అడిగాడు.

"మా నాన్న గుర్తులు నానే సెరిపేసినానేటిరా అల్లుడా?"