లింబవ్వ పాడిన ఐరిష్ చరణం

నిజామాబాద్‌లోని రేడియో కేంద్రానికి నేను ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌గా బదిలీ అయి వచ్చింది లాక్‌డౌన్‌లన్నీ ముగిసిన మరుసటి ఏడాది. ఉద్యోగంలో నాకది ఆఖరి పోస్టింగ్. జానపద సంగీత విభాగం అప్పగించారు. గాయకులను వెతకడం, ఊళ్లకు వెళ్లి రికార్డు చేయడం, ప్రసారానికి ముందు పాటనూ దాని అర్థాన్నీ కేంద్రాధిపతికి చూపించి అనుమతి తీసుకోవడం నా పని. చెరకు కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఆయన నన్ను పిలిచి, ఐర్లండ్ నుంచి ఒక గాయని వచ్చిందనీ, ఆమెతో అరగంట కార్యక్రమం చేయాలనీ చెప్పారు.

గాయని పేరు నోరా. యాభై దాటిన మనిషి. ఐరిష్ భాషలో ‘షాన్ నోస్’ అనే తీరులో పాడుతుంది. ఆ మాటకు పాత పద్ధతి అని అర్థం. వాద్యం ఉండదు, దరువు ఉండదు. మాట ఎంత సాగితే రాగం అంత సాగుతుంది. అదే చరణం మళ్లీ పాడితే గమకాలు మారిపోతాయి. ఆమె వెంట స్కాట్లండ్ దీవుల నుంచి మోరాగ్ అనే స్నేహితురాలు వచ్చింది. మోరాగ్ మాట్లాడే గేలిక్, నోరా భాషకు తోబుట్టువు. ఒకరు నెమ్మదిగా మాట్లాడితే మరొకరికి చాలావరకు తెలుస్తుంది. వేల్స్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతాల భాషలు అదే కుటుంబంలో దూరపు చుట్టాలు. బ్రిటనీలో ఒకరి చివరి మాటను మరొకరు అందుకుని పాడతారని మోరాగ్ చెబితే నాకు మన నాట్ల పాటలు గుర్తొచ్చాయి. నోరా మాత్రం ఒక సంగతి నొక్కి చెప్పింది. దుకాణాల్లో ఇవన్నీ ‘కెల్టిక్ సంగీతం’ అన్న ఒకే పేరుతో అమ్ముడుపోతాయి గానీ, ఇళ్లల్లో ఎవరి పాట వారిదేనట.

నోరా ఇంత దూరం వచ్చింది కచేరీ కోసం కాదు. ఆమె మేనత్త సిస్టర్ బ్రిజిడ్ బోధన్ దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చాలా ఏళ్లు పనిచేసి ఇక్కడే కన్నుమూసింది. వాళ్ల ఇంటి జోలపాట ఒకటి పూర్తిగా వచ్చింది ఆమెకొక్కతికే. పిల్లలకు ఉద్యోగాలు రావాలని నోరా తల్లిదండ్రులు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. నోరా పెద్దయ్యాక తన భాష నేర్చుకుని ఆ పాట కోసం వెతికేసరికి మేనత్త లేదు.

ఆసుపత్రి కూడా మూతపడింది. విచారిస్తే, అక్కడ పిల్లల వార్డులో ఆయాగా చేసిన లింబవ్వ అనే ఆమె నవీపేట్ వైపు ఒక పల్లెలో ఉందని తెలిసింది. జీపులో వెళ్లాం. ఇంటి ముందు రోడ్డు మీద చెరకు లారీలు ఆగకుండా పోతున్నాయి. ఫ్యాను ఆపించి, తలుపు మూసి, ముందు కొంతసేపు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేశాను. ఎడిటింగులో అతుకులు తెలియకుండా ఉండటానికి అది కావాలి. తర్వాత గొంతు స్థాయి చూసుకోవడానికి ఏదైనా మాట్లాడమన్నాను.

లింబవ్వ నోరానే చూస్తోంది. “సిస్టరమ్మ చుట్టమా నువ్వు? ముక్కు అచ్చం గట్లనే ఉన్నది,” అంది.

పాట సంగతి అడగ్గానే ఆమె చేయి చాచి నోరా చేతిని పట్టుకుంది. “పాడేటప్పుడు చెయ్యి పట్టి మెల్లగ తిప్పాలె. సిస్టరమ్మ నాతోని గట్లనే తిప్పిచ్చుకునేది,” అంది. నోరా ఊళ్లో కూడా పాడేవారి చేతిని వినేవారు అలాగే పట్టుకుంటారని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నోరా ముఖం ఎర్రబడటమే చూశాను.

లింబవ్వ కళ్లు మూసుకుని పాడింది. మాటలు చాలావరకు అరిగిపోయాయి. అయినా నోరా వాటిని గుర్తుపట్టి, పెదవులతో సరిచేసుకుంటూ పోయింది. గాలి తగ్గింది, పడవ కట్టేశారు, ఇక పడుకో, నీళ్ల మీద ఆ దీపం ఎవరిది? చరణం ఈ ప్రశ్నతో ఆగింది. ఆ తర్వాత అదే రాగంలో లింబవ్వ మన జోజో మాటలు అందుకుంది.

రెండో చరణం అడగమని నోరా నా భుజం తట్టింది. అడిగాను.

“గంతే బిడ్డా. ఇంకున్నదని సిస్టరమ్మ చెప్పేది. కని గంతల్నే పోరగాండ్లు పండుకునేటోళ్లు. పండుకున్నంక ఎవలి కోసం పాడుతది? ఆపేది. నేను గిన్నెలు కడుగ పోయేదాన్ని.” నోరా వైపు తిరిగి, “ఇంటికి పోత పోత అంటుండె. మీరు ఇన్నేండ్లు ఎటు పోయిండ్రు?” అంది.

ఈ చివరి మాట అనువదించడానికి నేను తటపటాయించాను. ఉన్నది ఉన్నట్టు చెప్పమంది నోరా. చెప్పాను. ఆమె తన చిన్నతనంలో జరిగింది చెప్పింది. మేనత్త ఒకసారి సెలవు మీద ఇంటికొచ్చి, విందులో పక్కనున్నవారి చేయి పట్టుకుని పాట మొదలుపెట్టిందట. నోరాతో సహా పిల్లలంతా కలిసి నవ్వారు. ఆమె పాట ఆపేసి కూర్చుంది. ఇదంతా లింబవ్వకు తెలుగులో చెప్పాను.

“పోరగాండ్లు నవ్వుతరు. పెద్దోళ్లన్న పాడుమనాలె గద,” అంది లింబవ్వ.

తిరుగు ప్రయాణంలో మోరాగ్ ఒక సంగతి బయటపెట్టింది. ఆ రాగం వాళ్ల దీవిలోనూ ఉంది. ఆడవాళ్లు తడి ఉన్నిబట్ట గట్టిపడేందుకు దాన్ని బల్ల మీద బాదుతూ ఆ రాగాన్ని వేగంగా పాడుతారు. అందులో దీపం సముద్రంలో పోయిన భర్తది. ఆ చరణం నోరా భాషలోకి సులువుగానే వస్తుంది, కలిపి పాడుకో అంది. నోరా తల అడ్డంగా ఊపింది. “మా నాయనమ్మ ఆ దీపం ఎవరిదని చెప్పేదో నాకు తెలియదు. మీ చనిపోయిన మనిషిని మా పడవలో ఎక్కించలేను,” అంది.

స్టూడియోలో ఆమె మిగతా పాటలన్నీ నిండుగా పాడింది. జోలపాట మాత్రం ఒక్క చరణంతో నిలిపేసింది. వాళ్ల అలవాటు ప్రకారం ఆఖరి మాటలను రాగం లేకుండా మామూలుగా పలికింది. మోరాగ్ తమ దీవి పాటను విడిగా, బల్ల చరుస్తూ పాడింది. నిడివి తగ్గినచోట వేణువు ఫిల్లర్ వేద్దామన్నారు కేంద్రాధిపతి. రెండో చరణం దొరకలేదని అనౌన్సర్ చేత చెప్పిద్దామని నేనన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

ప్రసారాన్ని లింబవ్వ కోడలి ఫోనులో విన్నదట. నోరా ఇప్పటికీ అప్పుడప్పుడు మెయిలు రాస్తుంది. ఆ రెండో చరణం గురించి వాళ్ల ఊరి వృద్ధులందరినీ అడిగింది. ఎవరికీ తెలియదు.

ఒక పాట చివరిదాకా నిలవాలంటే గాయని ఉంటే చాలదు, చివరిదాకా పాడమని అడిగేవాళ్లు కూడా ఉండాలని ఆ పనిలో తెలుసుకున్నాను. మిగిలిన నా సర్వీసులో ఏ ఊళ్లో రికార్డు చేసినా, పాట ఆగాక రికార్డర్ ఆపకుండా, ఇంకేమన్నా ఉందా అని అడిగేదాన్ని. చాలాచోట్ల, ఉండేది గానీ ఇప్పుడు యాదికి లేదన్నారు.