బావ, మిషను, మధ్యలో ఒక క్రిటికల్ వాల్యూ

మా బావ ఉద్యోగం కూర్చోవడం. కూర్చుని చేసే ఉద్యోగం కాదు, కూర్చోవడమే ఉద్యోగం. మా కుర్చీల ఫ్యాక్టరీలో కొత్త రకం ఏది తయారైనా ముందు దాని మీద ఆయన కూర్చోవాలి, లేచాక సీటు ఎంత కుంగిందో స్కేలు పెట్టి కొలవాలి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మా బావ ఏళ్ల తరబడి కూర్చునే తింటున్నాడు. కరగడం మాట దేవుడెరుగు, ఏటేటా పెరుగుతున్నాడు.

ఆయనకి స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ ఉంది. ఫ్యాక్టరీవాళ్లు ఆ డిగ్రీ చూసి తీసుకున్నారో, ఒళ్లు చూసి తీసుకున్నారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటుంది. మా అక్క దాన్ని సవతి అంటుంది. కూరలో ఉప్పు ఎక్కువైందా అని ఆవిడ అడిగితే, "ఎంత దాటితే ఎక్కువో ముందు చెప్పు, ఆ తర్వాతే రుచి చూస్తా" అంటాడు. అక్క గరిటె విసిరేసిన రోజులున్నాయి. నేనైతే గిన్నే విసిరేదాన్ని.

అలాంటి మనిషి నెత్తిమీదకి ఫ్యాక్టరీ ఒక మిషన్ తెచ్చింది. ఇనప నడుము, కింద రెండు తోలు దిండ్లు. స్విచ్ వేస్తే కూర్చుంటుంది, మళ్లీ వేస్తే లేస్తుంది. ప్యాకింగ్‌లో పనిచేసే మేమంతా చూడ్డానికి ఎగబడ్డాం. అంతలో మేనేజరు బావని పిలిచి ఓ మాట అన్నాడు.

"మీరు కూర్చున్నప్పుడూ అది కూర్చున్నప్పుడూ కుర్చీ ఒకేలా కుంగుతుందా లేదా, లెక్క తేల్చండి. తేడా ఉంటే మిషన్ని వెనక్కి పంపేస్తాం. లేకపోతే ఇక మీరు కూర్చోవడం దేనికి?"

ఫ్యాక్టరీ మొత్తానికి ఆ లెక్క వచ్చినవాడు బావ ఒక్కడే. అంటే తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తనే లెక్కగట్టి చెప్పాలి. ఇంకొకడైతే జ్వరమని సెలవు పెట్టేవాడు. ఈయన సంబరపడ్డాడు!

పది కుర్చీలు తెప్పించాడు. కొలతలు రాయడానికి నన్ను పిలిచాడు. కానీ కొలతల కంటే ముందు క్రిటికల్ వాల్యూ కావాలన్నాడు. అదొక గీతలాంటిది. లెక్కలో వచ్చిన అంకె ఆ గీత దాటితే తేడా ఉన్నట్టు, దాటకపోతే ఏమీ తేలనట్టు. ఈ గీతలన్నీ పుస్తకంలో ఓ పట్టికగా ఉంటాయట. మా ఫ్యాక్టరీలో ఉన్న ఒకే ఒక్క పట్టిక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మేనేజరు టేబులు కాలి కింద దూర్చారు. "అది తీస్తే టేబులు ఊగుతుంది" అన్నాడు మేనేజరు. మాది కుర్చీలతో పాటు టేబుళ్లు కూడా చేసే ఫ్యాక్టరీ.

ఇక కాలిక్యులేటరే గతి. పెద్ద లెక్కలకైతే అందులో తిన్నగా ఒక బటన్ ఉందట. పది కుర్చీల చిన్న లెక్కకి లేదట. అందుకని బావ ఓ అంకె ఊహించి, తేడా లేకపోయినా లెక్క పొరపాటున దాన్ని దాటే అవకాశం నూటికి ఎంత మిగులుతుందో అడగాలి. నూటికి రెండున్నర మిగలాలి. రెండు కొట్టాడు. కాలిక్యులేటర్ తెర ఖాళీ చేసుకుని ఆలోచనలో పడింది. మేం ముగ్గురం దాని మొహమే చూస్తూ కూర్చున్నాం. దాదాపు నాలుగు మిగిలింది, ఎక్కువ. రెండు పాయింట్ మూడు కొట్టాడు. మళ్లీ ఆలోచన. మేనేజరు టీ తెప్పించాడు. ఈసారి తక్కువ మిగిలింది.

"బేరంలా ఉందే!" అన్నాడు మేనేజరు హుషారుగా. "రెండు పాయింట్ రెండు అడిగి చూడండి, దిగొస్తుంది."

చివరికి రెండు పాయింట్ రెండు ఆరు దగ్గర బేరం తెగింది. బావ బోర్డు మీద 2.26 అని రాసి కింద గీత గీశాడు. "నేను ఎక్కువ కుంగదీసినా, అది ఎక్కువ కుంగదీసినా ఇదే గీత. ఎవరు ఎక్కువో ముందే చెప్పలేం కదా సార్" అన్నాడు. మేనేజరు చెప్పలేమని ఒప్పుకున్నాడు.

అప్పుడు కూర్చోవడం మొదలైంది. ఒకసారి బావ, ఒకసారి మిషన్. పాపం, బావ ప్రతి కుర్చీలోనూ ఎంతో మర్యాదగా కూర్చుని లేచాడు. నేను కొలతలు రాశాను. ఆయన లెక్క కట్టాడు. 2.10 వచ్చింది.

"ఇంత దగ్గరికొచ్చి ఆగిపోయిందేంటి బావా?" అన్నాను గొంతు తగ్గించి. "వేరే దారే లేదా?"

"ఉండేది. నేనే ఎక్కువ కుంగదీస్తానని ముందే ఒక వైపుకే రాసుకుని ఉంటే గీత 1.83 దగ్గరే ఉండేది. దాటేసేవాణ్ని."

"అయితే చెరిపి అదే రాసెయ్! ఆయనకేం తెలుసు? ఇదంతా బేరం అనుకుంటున్నాడు."

"బిళ్ల పడ్డచోట గడి గీస్తే అది తొక్కుడుబిళ్ల ఎలా అవుతుందే?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడ ఉద్యోగం ఊడుతుంటే తొక్కుడుబిళ్లట!

బావ మేనేజరు వైపు తిరిగాడు. "తేడా ఉందని తేలలేదు సార్."

"అంటే తేడా లేదు."

"అలా అనకూడదు సార్. లేదని కూడా తేలలేదు."

"మరి ఏం తేలిందయ్యా?"

"ఏమీ తేలలేదని తేలింది."

మేనేజరు తల పట్టుకున్నాడు. కాసేపటికి తనే తేల్చేశాడు. ఇకమీదట మిషన్ కూర్చుంటుంది. అది సరిగ్గా కూర్చుంటోందో లేదో బావ పక్కన నిలబడి చూస్తాడు.

మొదటి రోజు నిలబడి ఇంటికొచ్చేసరికి బావ కాళ్లు వాచి దిమ్మల్లా ఉన్నాయి. అక్క వాటిని ఒళ్లో పెట్టుకుని నొక్కుతోంది. నేను జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేశాను.

"ఏమండీ, ఒక వైపే అని ముందే ఎందుకు రాయలేదు?" అంది అక్క.

"ఎవరు ఎక్కువ కుంగదీస్తారో ముందు నాకెలా తెలుస్తుందే?"

"మన మంచాన్ని అడగాల్సింది. చెప్పేది."

ముగ్గురం పగలబడి నవ్వాం. బావ అయితే ఒళ్లంతా కదిలేలా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నా ఆ కళ్లు ఆరలేదు. అక్క చేతులు ఆగిపోయాయి.

"ఆ మిషన్ కూర్చోవడం బాగానే కూర్చుంటుందే" అన్నాడు బావ. "పొద్దుట్నుంచీ చూశాను. ఒక్క కుర్చీలోంచి లేచి కూడా 'హాయిగా ఉంది' అనలేదు."